విశ్వాంతం గూర్చిన కొత్త లెక్కలు, పాత తొందరపాటు

విజ్ఞానశాస్త్రాన్ని గురించి వ్రాసే ముస్లిం రచయితలకు విశ్వం ఎట్లా మొదలైనదన్న దానికంటె ఎట్లా ముగుస్తుందన్న దానిమీద మక్కువ ఎక్కువ. ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. తౌహీద్, రిసాలత్, ఆఖిరత్ అనే మూడు మూలవిశ్వాసాలలో మూడవది అంతాన్ని గురించినదే. ఐతే ఉర్దూలోను, ఇంగ్లీషులోను, వాటిని అనుసరించి తెలుగులోను వెలువడుతూ వచ్చిన చిన్న పుస్తకాలలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ఒక ఆయత్‌ను తీసుకొంటారు. దాని ప్రక్కన ఖగోళశాస్త్రంలో ఆనాడు ప్రచారంలో ఉన్న సిద్ధాంతాన్ని ఒకదాన్ని పెడతారు. రెండూ ఒకటేనని తేల్చి, పధ్నాలుగు శతాబ్దాల క్రిందటనే ఈ సంగతి చెప్పబడి ఉన్నదని ముగిస్తారు. రేపు ఆ సిద్ధాంతం మారితే ఆయత్‌ను ఏమి చేయాలన్న ప్రశ్న ఆ పుస్తకాలలో ఎక్కడా కనిపించదు.

ఈజిప్టుకు చెందిన తంతావీ జౌహరీ (మరణం 1940) 'అల్ జవాహిర్' అనే బృహత్ తఫ్సీర్‌ను ఈ ధోరణిలోనే నిర్మించాడు. ఫ్రెంచి వైద్యుడు మారిస్ బుకాయ్ 1976లో ప్రకటించిన గ్రంథం దీనికి ప్రపంచవ్యాప్తమైన ప్రచారం తెచ్చింది. దీనిమీది ఆక్షేపణ మాత్రం ఆధునికులది కాదు. అందలూసియా పండితుడు షాతిబీ (మరణం హిజ్రీ 790, క్రీ.శ. 1388) 'అల్ మువాఫఖాత్'లోనే సకల విద్యలనూ ఖుర్ఆన్‌కు అంటగట్టేవారిని తప్పుబట్టాడు. మొదట ఎవరిని ఉద్దేశించి అవతరించిందో వారికి అర్థంకాని విషయం మీద దాని భావం ఆధారపడదన్నది ఆయన వాదం. మదరసాలలో షాతిబీని చదివినవారు కూడా ఉపన్యాస వేదిక ఎక్కగానే బుకాయ్ వైపు మొగ్గడం ఒక విచిత్రం.

ఈ పద్ధతి ఎక్కడ జారుతుందో ఒక్క పదాన్ని చూస్తే తెలుస్తుంది. జారియాత్ అధ్యాయం 47వ ఆయత్‌లో 'మూసిఊన్' అనే పదం ఉంది. బుకాయ్ దీన్ని విశ్వవ్యాకోచానికి నిదర్శనంగా చూపాడు. వ-స-అ ధాతువుకు విశాలత, కలిమి, శక్తి అనే అర్థాలన్నీ ఉన్నాయి. ఇదే పదం బఖరా అధ్యాయం 236వ ఆయత్‌లో, విడాకులు పొందిన స్త్రీకి తన తాహతును బట్టి ఇవ్వవలసిన కలిగినవాడిని గురించి వచ్చింది. అక్కడ దానికి వ్యాకోచించేవాడు అని ఎవరూ అర్థం చెప్పరు. జమఖ్‌షరీ 'సమర్థులం' అన్న భావాన్ని చెప్పాడు. ఇబ్ను కసీర్ ఆకాశపు అంచులను విశాలం చేయడం అన్నాడు. రెండవ అర్థం వ్యాకోచానికి దగ్గరగా ఉన్నదనవచ్చును గాని, అదొక్కటే అర్థమని అనడానికి నిఘంటువు ఒప్పుకోదు.

ఇక్కడ హైదరాబాదుకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. నిజాం ప్రభుత్వ సేవలో ఉంటూ 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికానికి సంపాదకత్వం వహించిన మార్మడ్యూక్ పిక్తాల్ తన ఇంగ్లీషు అనువాదాన్ని 1930లో ప్రకటించాడు. ఎడ్విన్ హబుల్ నక్షత్రమండలాలు దూరమవుతున్న తీరును ప్రకటించినది 1929లో. అంటే ఏడాది తేడా. పిక్తాల్ ఆ ఆయత్‌ను ఆకాశపు విస్తీర్ణతను కలిగించిన భావంతోనే అనువదించాడు. కొన్నేళ్ల తరువాత యూసుఫ్ అలీ కూడా అంతే. వ్యాకోచ సిద్ధాంతం లోకంలో స్థిరపడిన తరువాతనే, ముహమ్మద్ అసద్ 1980లో అచ్చువేసిన అనువాదంలో వలె, 'విస్తరిస్తూ ఉన్నాము' అన్న అర్థం పైకి వచ్చింది. అనువాదకుడు తన కాలపు గాలి పీల్చకుండా ఉండలేడు, అది తప్పుకాదు. తన కాలపు గాలినే మూలంలో ఉన్న మాటగా పాఠకునికి అందించడం తప్పు.

ఆరంభం సంగతి ఇట్లా ఉండగా అంతం సంగతి మరింత చిక్కుగా ఉంది. 1922లో ఫ్రీడ్‌మన్, 1927లో లెమేత్ర్ ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి వ్యాకోచించే విశ్వాన్ని రాబట్టినప్పటి నుంచి, పదార్థం తగినంత ఉంటే గురుత్వాకర్షణ ఈ వ్యాకోచాన్ని ఆపి, వెనుకకు మరల్చి, సమస్తాన్నీ ఒక్కచోటికి నలిపివేస్తుందన్న ఊహ ఉంటూ వచ్చింది. దీనికి 'బిగ్ క్రంచ్' అని పేరు. అంబియా అధ్యాయం 104వ ఆయత్‌లోని ఆకాశాన్ని చుట్టవేసే ఉపమానాన్ని చిన్న పుస్తకాలవారు దీనికి జోడించారు. ఆ ఆయత్‌లోని 'సిజిల్' అనే పదం వ్రాతపత్రమా, ఒక దైవదూత పేరా, ఒక లేఖకుని పేరా అని ముఫస్సిర్లు తర్జనభర్జన చేశారు. తబరీ వ్రాతపత్రం వైపే మొగ్గాడు. పైగా అదే ఆయత్ రెండవ సగంలో సృష్టిని తిరిగి మొదటివలె చేయడం గురించిన వాగ్దానం ఉంది. అసలు ఉద్దేశం అదే. బిగ్ క్రంచ్‌తో పోల్చేవారు చాలామంది ఆ సగాన్ని ఎత్తిచూపరు.

1998లో రెండు పరిశోధక బృందాలు దూరపు సూపర్‌నోవాలను పరిశీలించి, వ్యాకోచం మందగించడం లేదు సరికదా వేగం పుంజుకొంటున్నదని ప్రకటించాయి. దీనికి కారణమైన అజ్ఞాత శక్తికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టారు. దాంతో బిగ్ క్రంచ్ వెనుకబడింది. చుట్టవేయడం మాట వదిలి, ఆకాశం చీలడం గురించి చెప్పే ఇన్‌ఫితార్, ఇన్‌షిఖాఖ్ అధ్యాయాల తొలి ఆయత్‌లను 'బిగ్ రిప్' అనే కొత్త సిద్ధాంతానికి జోడించే రచనలు బయలుదేరాయి.

ఆ బిగ్ రిప్ ఏమిటో దాన్ని ప్రతిపాదించినవారి లెక్కల్లోనే చూడడం మంచిది. డార్క్ ఎనర్జీ పీడనాన్ని దాని సాంద్రతతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇక్కడ కీలకం. ఆ సంఖ్య సరిగ్గా మైనస్ 1 అయితే అది ఐన్‌స్టీన్ చెప్పిన విశ్వ స్థిరాంకమే. విశ్వం ఎప్పటికీ వ్యాకోచిస్తూ చల్లబడిపోతుంది. మైనస్ 1 కన్న తక్కువైతే వ్యాకోచంతో పాటు ఆ శక్తి సాంద్రత కూడా పెరుగుతూ పోయి, పరిమితమైన కాలంలోనే అన్ని బంధాలనూ త్రెంచివేస్తుంది. 2003లో కాల్డ్‌వెల్, కామియాన్‌కావ్‌స్కీ, వైన్‌బర్గ్ ఆ సంఖ్యను ఉదాహరణకు మైనస్ 1.5గా తీసుకొని లెక్కగట్టారు. అంతం సుమారు 2,200 కోట్ల సంవత్సరాల తరువాత. దానికి 6 కోట్ల సంవత్సరాల ముందు పాలపుంత విచ్ఛిన్నమవుతుంది. మూడు నెలల ముందు గ్రహాలు సూర్యుణ్ణి విడిచిపోతాయి. అరగంట ముందు భూమి బ్రద్దలవుతుంది. చివరి క్షణంలో అణువులు. ఈ పట్టిక ఎంత నాటకీయంగా ఉన్నదంటే, మైనస్ 1.5 అనేది నమూనాకు ఎన్నుకొన్న సంఖ్య అన్న మాటను వదిలేసి పట్టికను మాత్రమే ఎత్తి వ్రాసినవారు ఎందరో. అదే సూత్రంలో మైనస్ 1.1 పెడితే గడువు అయిదు రెట్లు పెరిగి 11,000 కోట్ల సంవత్సరాలు అవుతుంది. ప్లాంక్ ఉపగ్రహ బృందం 2018లో ఇతర కొలతలతో కలిపి తేల్చిన విలువ మైనస్ 1.03, ఇటు అటు 0.03 తేడాతో. మైనస్ 1 ఆ తేడాలోనే ఇమిడి ఉంది. విశ్వం చీలిపోతుందా, శాశ్వతంగా చల్లబడుతుందా అన్నది ఆ వెంట్రుకవాసిలో ఉందన్నమాట. దాన్ని ఆయత్‌కు వ్యాఖ్యగా వ్రాయడానికి ఎంత ధైర్యం కావాలో! (ఈ లెక్కలన్నింటికీ చాలా ముందే, సుమారు 100 కోట్ల సంవత్సరాలలో సూర్యుని వేడి పెరిగి భూమిమీద సముద్రాలే ఇంకిపోతాయన్నది వేరే లెక్క. నెల్లూరు తీరానికి సంబంధించినంతవరకు బిగ్ రిప్ కన్న అదే దగ్గరిది.)

ఈ స్థితులన్నిటికీ ఉమ్మడిగా 'సింగులారిటీ' అని పేరు. ఈ పదంతో తెలుగులో పెద్ద చిక్కు ఉంది. కొందరు దీన్ని 'ఏకత్వం' అని అనువదిస్తున్నారు. ఏకత్వం అనగానే ముస్లిం పాఠకునికి స్ఫురించేది తౌహీద్. గురుత్వాకర్షణ ఏకత్వం అని చదివి, భౌతికశాస్త్రజ్ఞులు దేవుని ఏకత్వానికి చేరువవుతున్నారని పొరబడే అవకాశం ఉంది. అరబ్బీలో 'తఫర్రుద్' అన్నారు. ఫర్ద్ అనే ధాతువులోనూ ఒంటరితనం, సాటిలేనితనం ఉన్నాయి గనుక ఆ చిక్కు అక్కడా లేకపోలేదు. గణితంలో ఆ పదానికున్న అర్థం చాలా సామాన్యమైనది: ఒక సూత్రం విలువ చెప్పలేక చేతులెత్తేసే చోటు. ఒకటిని సున్నాతో భాగించబోతే ఏమవుతుందో అదే. 'లెక్క తెగే చోటు' అనడం మొరటుగా ఉన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. సింగులారిటీ అంటే లోకం ముగిసే చోటు అని కాదు, ఆ సిద్ధాంతం ముగిసే చోటు. 1955లో కలకత్తాకు చెందిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఇచ్చిన సమీకరణం, దాని ఆధారంగా పెన్‌రోజ్ (1965), హాకింగ్ (1970) నిరూపించిన సిద్ధాంతాలు చెప్పేది కూడా ఇంతే: గురుత్వాకర్షణ ఆకర్షిస్తూనే ఉండే పక్షంలో ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఎక్కడో ఒకచోట తెగక తప్పదు.

తెగే సిద్ధాంతం స్థానంలో తెగనిది రావచ్చుగదా అన్న ఆలోచన నుంచి ప్రత్యామ్నాయ గురుత్వ సిద్ధాంతాలు పుట్టాయి. 1961లో బ్రాన్స్, డికీ గురుత్వ స్థిరాంకమే కాలంతో మారవచ్చునన్నారు. 1964లో హాయిల్, జయంత్ నార్లీకర్ మరో మార్గం త్రొక్కారు. 1980లో స్తారోబిన్‌స్కీ ఐన్‌స్టీన్ సమీకరణంలోని వక్రతకు దాని వర్గాన్ని చేర్చాడు. ఈ కోవలో పెరిగినవే ఎఫ్-ఆర్ సిద్ధాంతాలు. వీటిలో కొన్ని, వింత పదార్థమేదీ లేకుండానే, మైనస్ 1 కన్న తక్కువ విలువ ఉన్నట్లు భ్రమ కల్పించగలవు. అంటే ఆకాశం చీలుతున్నట్లు కనబడినా కారణం పదార్థం కాదు, గురుత్వపు నియమమే వేరు.

వీటి రాకతో విశ్వాంతం ఒకటికి నాలుగైనది. నోజిరి, ఒదింత్సోవ్, సుజికావా 2005లో చేసిన విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి రకంలో విశ్వపు కొలత, సాంద్రత, పీడనం మూడూ అనంతమవుతాయి. ఇదే బిగ్ రిప్. రెండవ దానిలో పీడనం ఒక్కటే అనంతం. మూడవ దానిలో విశ్వపు కొలత పరిమితంగానే ఉండి సాంద్రత, పీడనం అనంతం. నాలుగవ దానిలో ఈ మూడూ మామూలుగానే ఉంటాయి. మార్పు వేగాన్ని తెలిపే లోపలి లెక్కలు మాత్రం తెగుతాయి. ఆ విశ్వంలో నివసించేవారికి ఏదో జరిగిందని కూడా తెలియకపోవచ్చు.

రెండవ రకాన్ని 2004లో జాన్ బారో ప్రతిపాదించి 'సడన్ సింగులారిటీ' అన్నాడు, అంటే ఆకస్మికమైనది. అఆరాఫ్ అధ్యాయం 187వ ఆయత్ తెలిసినవారికి ఇక్కడ చేయి దురదపెట్టక మానదు. ప్రళయ ఘడియ 'బగ్తతన్', అకస్మాత్తుగా వస్తుందన్న మాట ఆ ఆయత్‌లోనే ఉంది. పదం కలిసింది, అర్థం కలిసింది, ఇంకేమి కావాలి? కాని బారో చెప్పిన ఆకస్మికతకు అర్థం వేరు. సాంద్రత, వ్యాకోచవేగం మామూలుగా ఉండగానే పీడనం ఒక్కసారిగా హద్దు దాటుతుందనే. అదే 2004లో ఫెర్నాండెజ్-హాంబ్రీనా, లజ్కోజ్ ఈ సింగులారిటీని పరిశీలించి, అది బలహీనమైనదని, అందులోకి వెళ్లిన కణం ఆవలికి సాగిపోతుందని చూపారు. అంటే ఇది అంతమే కాదు, గతుకు. దీన్ని బగ్తతన్‌కు జోడించేవాడు ఖియామత్‌ను గతుకుగా వర్ణించినవాడవుతాడు. పైగా ఆ ఆయత్ అసలు చెప్పేది ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉన్నదని. గడువు లెక్కగట్టే పట్టికలకు దాన్ని సాక్ష్యంగా పిలవడం కంటె వైపరీత్యం లేదు.

ఈ రంగంలో ముస్లిం పరిశోధకుల కృషి చెప్పుకోదగినది. అది ఎవరూ ప్రచారం చేయరు, అందులో ఆయత్‌లు లేవు గనుక. ఢిల్లీ జామియా మిల్లియా ఇస్లామియాలో చాలాకాలం పనిచేసిన ఎం. సామీ, పరంప్రీత్ సింగ్, సుజికావాలతో కలిసి 2006లో ఒక లెక్క చేశారు. గురుత్వానికి క్వాంటం నియమాలు వర్తింపజేసే లూప్ సిద్ధాంతంలో సాంద్రతకు ఒక పై హద్దు ఉంటుంది. ఆ హద్దు వల్ల బిగ్ రిప్ రానే రాదని తేలింది. 2009లో పరంప్రీత్ సింగ్ దీన్ని ఇంకా విశదపరిచాడు: బలమైన సింగులారిటీలు తొలగిపోతాయి, బారో చెప్పిన బలహీనమైనవి మిగలవచ్చు. ఎఫ్-ఆర్ సిద్ధాంతాలలోను ఇటువంటిదే జరిగింది. 2008లో ఫ్రొలోవ్ కొన్ని ప్రసిద్ధ నమూనాలలో వక్రత అనంతమయ్యే ప్రమాదం పొంచి ఉన్నదని చూపగా, స్తారోబిన్‌స్కీ చేర్చిన ఆ వర్గపు పదాన్నే తిరిగి కలిపితే ప్రమాదం తొలగుతుందని తేలింది.

ఆంధ్రదేశంలో ఈ శాస్త్రానికి నిలయం విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం. అక్కడి డి. ఆర్. కె. రెడ్డి ప్రత్యామ్నాయ గురుత్వ సిద్ధాంతాలలో విశ్వ నమూనాలపై దీర్ఘకాలం పనిచేశారు. 2011లో హార్కో, లోబో, నోజిరి, ఒదింత్సోవ్ ఎఫ్-ఆర్-టి సిద్ధాంతాన్ని ప్రకటించగా, 2012లోనే ఆయన బృందం అందులో అయిదు పరిమాణాల విశ్వానికి పరిష్కారం ఇచ్చింది. ఈ వరుస రచనలకు ఒక గుణం, ఒక లోపం ఉన్నాయి. సమీకరణాలను ఉజ్జాయింపు లేకుండా కచ్చితంగా సాధించడం గుణం. సాధించడానికి వీలుగా విశ్వం వ్యాకోచించే తీరును ముందే ఒక నియమంగా ఊహించుకోవడం లోపం. బెర్మన్ 1983లో ఇచ్చిన నియమాన్ని ఇందుకు విరివిగా వాడుతారు. ఇది ఒక్క విశాఖపట్నం లోపం కాదు. జపాన్, స్పెయిన్‌లలో 'పునర్నిర్మాణం' పేరుతో జరిగేది కూడా దాదాపు ఇదే: కావలసిన అంతాన్ని ముందు వ్రాసుకొని, దాన్ని ఇచ్చే గురుత్వ నియమాన్ని వెనుక నుంచి రాబట్టడం. నియమానికి ఎంత స్వేచ్ఛ ఇస్తే అన్ని అంతాలు వస్తాయి. ఏ సిద్ధాంతం ఏ అంతాన్ని నిషేధిస్తుందో చెప్పిన వ్యాసం, ఏ అంతాన్ని అనుమతిస్తుందో చెప్పిన పది వ్యాసాల పెట్టు. ఆయత్‌లో కావలసిన సిద్ధాంతాన్ని ముందే పెట్టుకొని తరువాత తీసేవారికి, ఈ పద్ధతికి పోలిక ఉన్నమాట నిజమే. తేడా ఏమిటంటే భౌతికశాస్త్రజ్ఞుడు తన ఊహను పైకి చెబుతాడు.

ఊహలను ఏరివేయడానికి పరిశీలన కావాలి. ఆ పరిశీలనకు నెల్లూరు తీరం ఒక గుమ్మం. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్యనున్న శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. 2022లో జిల్లాల పునర్విభజనతో ఆ దీవి తిరుపతి జిల్లాలో చేరింది గాని, అంతవరకు నెల్లూరుదే. 2015 సెప్టెంబరు 28న ఉదయం అక్కడినుంచే భారతదేశపు తొలి ఖగోళ పరిశోధక ఉపగ్రహం ఆస్ట్రోశాట్ బయలుదేరింది. 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్, కృష్ణబిలాల నుంచి, న్యూట్రాన్ నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాల పరిశీలనకు.

2017 ఆగస్టు 17న సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయిన వార్త గురుత్వ తరంగాలుగా, ఆ వెంటనే గామా కిరణాలుగా భూమికి చేరింది. రెండింటికీ మధ్య వ్యవధి 1.7 సెకన్లు. 13 కోట్ల సంవత్సరాల ప్రయాణంలో అంతే తేడా! గురుత్వ తరంగాల వేగం కాంతివేగం కన్న వేరుగా ఉండాలన్న ప్రత్యామ్నాయ సిద్ధాంతాలు ఆ ఒక్క రోజులో కొట్టుకుపోయాయి, వాటితోపాటు అవి వర్ణించిన అంతాలూను. ఎఫ్-ఆర్, బ్రాన్స్-డికీ సిద్ధాంతాలలో ఆ వేగం కాంతివేగమే గనుక అవి మిగిలాయి. ఆ సమయానికి ఆ దిక్కు భూమి చాటున పడడం వల్ల ఆస్ట్రోశాట్‌కు ఆ కిరణాలు కనబడలేదు. రంజాన్ నెలవంక కోసం ఆకాశం చూసేవారికి ఇటువంటి స్థితి కొత్తకాదు. నెల్లూరు తీరంలో సముద్రం తూర్పున, నెలవంక పడమట. ఎటు చూడాలో లెక్క చెబుతుంది. నెల మొదలైందని చెప్పేది సాక్ష్యం. ప్రత్యామ్నాయ సిద్ధాంతాలలోని అంతాలు చాలావరకు ఇంకా లెక్క దశలోనే ఉన్నాయి.

ఇంతలో మరో మలుపు వచ్చింది. అమెరికాలోని అరిజోనాలో కిట్ పీక్ మీద ఉన్న డెసి అనే పరికరం లక్షలాది నక్షత్రమండలాల దూరాలను కొలిచి 2024లోను, 2025 మార్చిలోను ఫలితాలు వెల్లడించింది. డార్క్ ఎనర్జీ స్థిరంగా లేదని, కాలంతోపాటు బలహీనపడుతున్నదేమోనని వాటిలో సూచన ఉంది. ఏ సూపర్‌నోవా పట్టికతో కలిపారన్న దాన్ని బట్టి ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల వరకు ఉంది. ఆవిష్కరణ అనడానికి శాస్త్రజ్ఞులు కోరేది 5. ఇది నిలిచి, ఆ బలహీనత ముందుముందు కూడా కొనసాగితే బిగ్ రిప్ మాట వెనుకబడుతుంది, బిగ్ క్రంచ్ మళ్లీ చర్చకు రావచ్చు. ఇన్‌షిఖాఖ్ నుంచి తిరిగి అంబియాకు ప్రయాణం కట్టవలసి వస్తుందన్నమాట. ఇంటర్మీడియట్ చదువుతున్న కుర్రవాడు ఈ రాకపోకలన్నీ చూస్తూనే ఉంటాడు. ఒక ఆయత్ నిజమనడానికి ఋజువుగా వాడికి చూపించిన సిద్ధాంతం పాఠ్యపుస్తకంలో కొట్టివేయబడిన నాడు వాడు కొట్టివేసేది దేన్నన్నది ఈ పుస్తకాలు వ్రాసేవారు ఆలోచించవలసి ఉంది.

దీనికి విరుగుడుగా ఈ శాస్త్రమంతా వ్యర్థమనేవారు లేకపోలేదు. వారికి ఇమామ్ గజాలీ సమాధానం ఉంది. హి. 488 (క్రీ.శ. 1095)లో ముగించిన 'తహాఫుతుల్ ఫలాసిఫా' పీఠికలో ఆయన, గ్రహణాల వంటి నిరూపితమైన లెక్కలను మతం పేర కాదనేవాడు మతానికే హాని చేస్తాడన్నాడు. అదే గ్రంథం రెండవ ప్రకరణంలో జాలీనూస్ వాదాన్ని ఖండించిన తీరు మరీ ముఖ్యం. వేల ఏళ్లుగా సూర్యుడు క్షీణించినట్లు కనబడలేదు గనుక అది నశించేది కాదన్నది జాలీనూస్ మాట. గజాలీ ఆయత్‌తో కాదు, కొలతతోనే జవాబిచ్చాడు. సూర్యుడు భూమికి సుమారు 170 రెట్లని ఆనాటి లెక్క. అంతటి దానిలోనుంచి కొండలంత పదార్థం తరిగినా చూపుకు అందదు, పరికరాల కొలత ఉజ్జాయింపు మాత్రమే అన్నాడు. సూర్యుడు వెలుగు రూపంలో సెకనుకు సుమారు 40 లక్షల టన్నులు కోల్పోతున్నాడని ఈనాటి లెక్క. ఇది గజాలీ ముందే కనుగొన్నాడని ఎవరూ చిన్న పుస్తకం వ్రాయకుందురు గాక. ఆయన కనుగొన్నది సూర్యుని తరుగుదలను కాదు. కొలతలో పట్టుబడని మార్పును లేదనడానికి వీల్లేదన్న తర్కాన్ని. మైనస్ 1.03 ప్రక్కన ఉన్న ఆ 0.03 తేడాకు వర్తించేదీ అదే తర్కం.